పెన్సిలుతో రాసిన పేర్లు: హెలిగన్ తోటలు నేర్పేది
(గురువుగారి స్మారకోపన్యాస పాఠం)



ఈ ఏటి ఉపన్యాసం నన్ను చేయమన్నప్పుడు, ఉద్యానశాస్త్రంలో కొత్తగా జరుగుతున్న పరిశోధనల గురించి మాట్లాడమని కొందరు మిత్రులు సూచించారు. ఆ పని నాకన్నా బాగా చేయగలవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. నేను ఒక పాత తోట గురించి చెబుతాను. అందుకు కారణం గురువుగారి అంట్ల రిజిస్టరు. కళాశాల నర్సరీలో ఆయన పెట్టిన ఆ పుస్తకం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొమ్మ ఏ తల్లిచెట్టుది, అంటు ఏ రోజు కట్టారు, బతికిందా చచ్చిందా అన్న గడుల పక్కన ‘కట్టినవారు’ అని ఇంకో గడి ఉండేది. అందులో కట్టినవారి పేరు రాయాలి. విద్యార్థి కడితే విద్యార్థి పేరు, మాలి కడితే మాలి పేరు. ఆ గడి ఖాళీగా వదిలి తెచ్చిన పుస్తకం మీద ఆయన సంతకం పెట్టేవారు కాదు. ఎందుకని అడిగితే, ‘చెట్టు యాభై ఏళ్లు కాయాలి. కట్టిన చెయ్యి ఎవరిదో ఆ చెట్టు చెప్పలేదు. మనమే చెప్పాలి’ అనేవారు.

ఇంగ్లండులో హెలిగన్ అనే చోట తోటలు చూస్తున్నప్పుడు ఆ గడి నా కళ్లముందు కదిలింది. అందుకే ఆ తోటల కథ ఈ వేదిక మీద చెప్పడం నాకు సమంజసంగా తోచింది.

ఇంగ్లండు నైరుతి కొసన సముద్రంలోకి పొడుచుకుపోయినట్టు ఉండే ప్రాంతం కార్న్‌వాల్. అక్కడ మెవగిస్సీ అనే చిన్న చేపల రేవు ఉంది. దానికి ఎగువన ఉన్న ఎస్టేటే హెలిగన్. 1569లో ట్రెమేన్ కుటుంబం దాన్ని కొన్నది. నాలుగు వందల ఏళ్ల పాటు అది వాళ్ల చేతిలోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర హెన్రీ హాకిన్స్ ట్రెమేన్ అనే చర్చి గురువు ఈ తోటలకు రూపురేఖలు దిద్దించాడు. తర్వాతి మూడు తరాలవాళ్లు తలా కొంత చేర్చుకుంటూ పోయారు. ఒకరు విదేశీ మొక్కలు తెప్పించారు, ఒకరు లోయను మొక్కలతో నింపారు, ఆఖరివాడు ఇటలీ మీది మోజుతో ఒక ఇటాలియన్ తోట కట్టించాడు. వంశవృక్షం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

మనం ‘దొరల తోట’ అనగానే పూలబాటలు, ఫౌంటెన్లు, సాయంత్రం షికార్లు అనుకుంటాం. హెలిగన్‌లో అసలు బలమంతా ఉత్తరం వైపు, కూరగాయల మళ్లలో, ఎత్తైన ప్రహరీల లోపల, గాజు గదుల్లో ఉంది. ఆ ఇంటికి, ఆ ఎస్టేటు మనుషులకు కావలసినవి సాధ్యమైనంత వరకు అక్కడే పుట్టాలి. సొంత ఇటుకల బట్టీ, రంపపు మిల్లు, పిండి మర, బీరు కాచే చోటు అన్నీ ఉండేవి. బల్ల మీదికి ఏడాది పొడవునా పండు రావాలి. చలికాలంలో కూడా లేతకూర కావాలి. ఆ కోరిక తీర్చడానికి ఎన్ని రకాల విద్యలు కావాలో ఒక్కసారి ఊహించండి. వెలుతురు చొరని ఒక గదిలో చికోరీ, సీకేల్, రూబార్బ్ దుంపలను ఉంచి, చీకట్లో తెల్లగా లేతగా మొలిపించేవారు. ఆపిల్, పియర్ పండ్లకు వేరే కొట్టు. గోడలో తేనెపట్టు బుట్టలు పెట్టడానికి వరసగా గూళ్లు. పీచ్ చెట్టును స్వేచ్ఛగా పెరగనివ్వరు. కొమ్మలను ఇటుక గోడకు విసనకర్రలా పరిచి కడతారు. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి ఆ వేడిని కొమ్మలకు ఇస్తుంది. ప్రహరీ అక్కడ కాపలాకే కాదు, పొయ్యిగా కూడా పనికొస్తుంది.

ఇవన్నీ చూసుకోవడానికి మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 22 మంది తోటమాలులు ఉండేవారు. 1916 నాటికి ఎనిమిది మందే మిగిలారు.

మధ్యలో ఏం జరిగిందో తోట గోడే చెబుతుంది. పుచ్చకాయలు పెంచే ఆవరణ మూల, మాలుల కోసం కట్టిన ఒక చిన్న మరుగుదొడ్డి ఉంది. దాన్ని వాళ్లు ‘థండర్‌బాక్స్ రూమ్’ అని పిలుచుకున్నారు. దాని సున్నపు గోడ మీద పెన్సిలుతో కొన్ని పేర్లు, వాటి దగ్గర 1914 ఆగస్టు అన్న తేదీ. పైన ఒక హెచ్చరిక, ఇక్కడికి కునికిపాట్లు పడటానికి రావద్దని. ఆ నెలలోనే బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. పేర్లు రాసినవాళ్లలో చాలామంది సైన్యంలో చేరారు. చాలామంది తిరిగి రాలేదు. ఇంటిని కొంతకాలం గాయపడ్డ సైనికాధికారులు కోలుకునే ఆస్పత్రిగా వాడారు. యుద్ధం ముగిశాక యజమాని ఇటలీలోనే స్థిరపడి, 1920లలో ఇల్లు అద్దెకిచ్చేశాడు. రెండో యుద్ధంలో అమెరికన్ సైన్యం వచ్చి దిగింది. 1970లలో ఇంటిని ఫ్లాట్లుగా విభజించి అమ్మేశారు, తోటలు లేకుండా. తోటలు ఎవరికీ పట్టలేదు. బ్రాంబుల్ ముళ్లపొదలు, ఐవీ తీగ, లారెల్ చెట్లు వాటిని మింగేశాయి. గాజు గదుల కప్పులు కూలాయి. 1990 జనవరిలో వచ్చిన పెద్ద గాలివాన ఉన్న చెట్లలో ఎన్నింటినో పడగొట్టింది.

ఆ గాలివాన తర్వాత కొద్ది వారాలకే టిమ్ స్మిట్ అక్కడికి వచ్చాడు. ఆయన నెదర్లాండ్స్‌లో పుట్టాడు, డరమ్ విశ్వవిద్యాలయంలో పురావస్తుశాస్త్రం చదివాడు, పాటల రికార్డింగు రంగంలో పనిచేసి కార్న్‌వాల్‌కు మకాం మార్చాడు. ట్రెమేన్ బంధువైన జాన్ విల్లిస్‌కు అప్పటికే ఆ ఆస్తి సంక్రమించింది. ఇద్దరూ కలిసి కత్తులు పట్టుకుని పొదలు నరుక్కుంటూ లోపలికి వెళ్లారు. తర్వాత జాన్ నెల్సన్ అనే బిల్డరు తోడయ్యాడు. విజ్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటకు ఒకప్పుడు డైరెక్టరుగా ఉన్న ఫిలిప్ మెక్‌మిలన్ బ్రౌస్ సలహాదారుగా వచ్చాడు. 1992లో జనాన్ని లోపలికి రానిచ్చారు.   

ఆ పేర్లున్న గోడ దొరికినప్పుడు స్మిట్, నెల్సన్ ఒక నిర్ణయం తీసుకున్నారు. హెలిగన్ పునరుద్ధరణలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ నిర్ణయమే. ఎస్టేటు తోటల కథ చెప్పేవాళ్లు మామూలుగా యజమాని అభిరుచి దగ్గర మొదలుపెట్టి, నక్షా గీసినవాడి ప్రతిభ దగ్గర ఆపుతారు. వీళ్లు పాత లెక్కల పుస్తకాలు, జనాభా లెక్కలు, సైనిక రికార్డులు వెదికి, గోడ మీది ఒక్కో పేరు వెనక ఉన్న మనిషిని పట్టుకునే ప్రయత్నం చేశారు. ఈ తోట వాళ్లదన్నట్టుగా కథ చెప్పారు. 2013లో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆ మరుగుదొడ్డి గదిని సజీవ స్మారకంగా గుర్తించింది. రాతి స్తంభాలు, కంచు విగ్రహాలు ఎన్నో ఉన్న దేశంలో మాలుల పాకీదొడ్డికి ఆ గౌరవం దక్కింది. దాని ముందు నిలబడ్డప్పుడు నేను చాలాసేపు కదలలేకపోయాను. ఒక పక్క పుచ్చతీగల ఆవరణ, ఒక పక్క పనిముట్ల గది. పొద్దున పనిలోకి వచ్చి, మధ్యాహ్నం గోడ మీద పేరు రాసుకుని, మర్నాడు తుపాకీ పట్టడానికి పోయిన కుర్రవాళ్లు.

పేర్లు దొరకడం తేలిక. వాళ్లు చేసిన పని దొరకడం కష్టం. ఈ మాటకు రుజువు అనాస గుంట.

బ్రిటన్‌లో అనాస ఒకప్పుడు ఎంత అపురూపమో ఈ రోజు మనకు అర్థం కావడం కష్టం. పద్దెనిమిదో శతాబ్దంలో విందు బల్ల మీద పెట్టడానికి పండును అద్దెకు తెచ్చుకునేవారు. స్కాట్లాండులో ఒక జమీందారు తన తోట ఇంటి మీద అనాసపండు ఆకారంలో రాతి శిఖరమే కట్టించాడు. చలిదేశంలో ఉష్ణమండలపు పండు పండించగలగడం ఆ ఇంటి అంతస్తుకు గుర్తు. పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఓడలు దూరదేశాల నుంచి తాజా పండ్లు తెచ్చి దించడం మొదలుపెట్టాక ఇంట్లో పండించే కష్టం ఎవరూ పడలేదు. ఆ విద్య తెలిసినవాళ్లూ పోయారు.

హెలిగన్‌లో దొరికినది నేలలోకి దిగిన ఇటుక కట్టడం. సమాంతరంగా మూడు కందకాలు. మధ్యదానిలో అనాస మొక్కలు, పైన వాలుగా గాజు మూతలు. రెండు పక్కల కందకాల్లో తాజా గుర్రపు లద్దె. లద్దె కుళ్లుతుంటే పుట్టే వేడి, మధ్యగోడలో వదిలిన ఖాళీల గుండా లోపలి గదికి చేరుతుంది. ఎరువు మొక్కను తాకదు, వేడి మాత్రమే తాకుతుంది. వినడానికి ఎంత తేలికో చూడండి. కానీ ఎంత లద్దె వేయాలి? గడ్డి పాలు ఎంత ఉండాలి? ఎన్ని రోజులకు వేడి తగ్గుతుంది? తగ్గకముందే కొత్తది ఎప్పుడు కలపాలి? మరీ వేడెక్కితే వేరు ఉడికిపోతుంది. చల్లబడితే మొక్క ముడుచుకుపోతుంది. ఈ ప్రశ్నలకు జవాబు ఇటుకల్లో లేదు. ఆ జవాబు తెలిసిన మనుషులు ఎప్పుడో పోయారు. పాత తోటపని పుస్తకాలు ఉన్నాయి నిజమే. కానీ ‘వేడి సరిపోయేదాకా’ అని రాసిన పుస్తకం ఎంత వేడి సరిపోతుందో చెప్పదు. పాత మాలి ఒక కర్రను ఎరువులో గుచ్చి ఉంచి, కాసేపటికి పైకి లాగి అరచేత్తో పట్టుకుని చూసేవాడు. ఆ అరచేతికి తెలిసినదాన్ని కొత్తవాళ్లు మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ప్రయత్నించాక 1997లో పండు వచ్చింది. మొదటి పండును వాళ్లే కోసుకుని తిన్నారట, లద్దె వాసన రుచికి పట్టిందేమోనని చూడటానికి. పట్టలేదు. రెండో పండును రాణి ఎలిజబెత్‌కు, ఆమె పెళ్లయి 50 ఏళ్లయిన సందర్భంగా పంపారు.

నేను వెళ్లినప్పుడు ఒక యువ మాలి ఆ లద్దె తిరగేస్తూ కనిపించాడు. ఆవిరి పైకి లేస్తోంది. మా ఊళ్లో ఇవి కొండవాలుల మీద ఏ గాజూ లేకుండా పండుతాయని చెప్పాను. సీతంపేట ఏజెన్సీలో సవర, జాతాపు రైతులు చెట్ల నీడలో పెంచే అనాసల గురించి, కాపు కాలంలో ఊరంతా పట్టే ఆ వాసన గురించి చెప్పాను. అతను పార ఆపి శ్రద్ధగా విన్నాడు. పిలకలు తీసి నాటుతారా, కిరీటాలు నాటుతారా అని అడిగాడు. పని తెలిసినవాడు అడిగే ప్రశ్న అది. ఒక్క అనాస పండించడానికి ఇక్కడ పట్టే మనిషి శ్రమను కూలి లెక్కన కడితే వెయ్యి పౌండ్లు దాటుతుందని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. అందుకే ఆ పండును అమ్మరు. ఇంత ఖర్చు ఎందుకు అనేవాళ్లకు నా జవాబు ఇది: వాళ్లు నిలబెట్టుకుంటున్నది పండును కాదు. ఎరువు వేడిని చేత్తో కొలిచే విద్యను. ఆ విద్య రెండు తరాలు ఆగిందంటే ఏ ప్రయోగశాలా దాన్ని తిరిగి ఇవ్వలేదు.

గాజు గది కప్పులో కూడా ఇలాంటి తెలివే చూశాను. ద్రాక్ష పెంచే గదికి వేసిన అద్దాల కింది అంచు తిన్నగా ఉండదు, వంపుగా ఉంటుంది. వాన పడితే నీరు అద్దం పక్కలకు, అంటే చెక్క కమ్మీల మీదికి పోకుండా, మధ్యకు చేరి కిందికి జారుతుంది. అందువల్ల చెక్క త్వరగా కుళ్లదు. బ్రిటన్ 1845లో గాజు మీద పన్ను ఎత్తేసిన తర్వాత అద్దాల గదులు అన్ని ఎస్టేటుల్లో లేచాయి. కానీ అద్దం అంచును ఇలా కోయాలన్న ఆలోచన పన్ను వల్ల రాలేదు. చెక్క ఎక్కడ కుళ్లుతోందో ఏడాదికోసారి చూసి రంగులు వేసినవాడికి వచ్చిన ఆలోచన అయివుండాలి. పునరుద్ధరణలో కూడా అంచులు అలాగే కోయించి వేశారు. తిన్నటి అంచు అద్దాలు వేస్తే చవక. చూసేవాళ్లకు తేడా తెలియదు. చెక్కకు తెలుస్తుంది.

పాతదాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు ఏ ఏడాదికి తీసుకెళ్లాలి అన్నది పెద్ద చిక్కు ప్రశ్న. నెదర్లాండ్స్‌లో హెట్ లో అనే రాజభవనం ఉంది. 1680ల నాటి తీరైన జ్యామితి తోట మీద తర్వాతి కాలంలో ఇంగ్లీషు పద్ధతి పచ్చికబయళ్లు, చెట్ల గుంపులు వేశారు. 1970ల్లో పునరుద్ధరణ మొదలుపెట్టి, పైనున్న తోటను తీసేసి, కిందున్న పాతదాన్ని వెలికితీశారు. చాలా అందంగా వచ్చింది. కానీ తీసేసినదీ దాదాపు రెండు వందల ఏళ్ల వయసున్న తోటే. ఆ నిర్ణయం సరైనదని నేను చెప్పలేను, తప్పనీ చెప్పలేను. హెలిగన్‌వాళ్లు ఈ చిక్కులోంచి వేరే దారిలో బయటపడ్డారు. ఫలానా ఏడాది అనకుండా, ఫలానా పని అన్నారు. మాలులు పనిచేస్తున్నప్పుడు మళ్లలో ఏ రకాలు వేసేవారో అవి వేశారు. రెండు పారల లోతు తవ్వేవారు కాబట్టి రెండు పారల లోతే తవ్వారు. జంగిల్ అని పిలిచే లోయలో మాత్రం, ఆస్ట్రేలియా చెట్టు ఫెర్న్‌లు, వెదురు, చైనా తాటి మధ్య, నిర్లక్ష్యపు కాలం నాటి అడవితనాన్ని కొంత అలాగే ఉంచారు. దక్షిణ కార్న్‌వాల్‌లో మంచు తక్కువ, లోయలోకి చలిగాలి రాదు. అందుకే అవి దశాబ్దాల తరబడి ఎవరూ చూడకపోయినా బతికాయి. చెక్కవంతెన మీద నడుస్తుంటే ఎక్కడో కేరళలో ఉన్నట్టు ఉంటుంది.

ఇలా పాత పని పద్ధతినే పట్టుకోవడం మన దగ్గరా జరిగింది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం 2013 నుంచి పదేళ్లకు పైగా బాగుపడింది. ఆగా ఖాన్ ట్రస్టు, తెలంగాణ పురావస్తు శాఖ కలిసి చేసిన పని అది. పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటును తీసేయించి, మళ్లీ సున్నపు గచ్చు వేయించారు. గచ్చు కలిపే మేస్త్రీలు, రాయి చెక్కేవారు ఏళ్ల తరబడి పనిచేశారు. కూలిపోయిన పెద్ద బావి గోడను రాయి రాయీ పేర్చి నిలబెట్టారు. ఆ పని నాణ్యత చూసి ఎంతో సంతోషించాను. ఆ మేస్త్రీల పేర్లు కూడా ఆ ఆవరణలో ఎక్కడైనా రాతి మీద చెక్కితే ఆ సంతోషం రెట్టింపవుతుంది.

హెలిగన్ నాకు ఎంత నచ్చిందో చెప్పాను కాబట్టి, అక్కడ నాకు చాలదనిపించినదీ చెప్పాలి. తోటలో ఫ్లోరాస్ గ్రీన్ అనే పచ్చిక చుట్టూ పెద్ద పెద్ద రోడోడెండ్రాన్లు ఉన్నాయి. వసంతంలో ఎర్రని గుత్తులతో కొండలా నిలబడతాయి. వాటిలో కొన్ని జోసెఫ్ హుకర్ సిక్కిం హిమాలయాల నుంచి 1840ల చివర పంపిన విత్తనాల సంతతి అని చెబుతారు. హుకర్ గొప్ప శాస్త్రవేత్త, సందేహం లేదు. తర్వాత ఏడు సంపుటాల ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ను నడిపించినవాడు. కానీ ఆ ప్రయాణంలోనే 1849లో ఆయననూ, డార్జిలింగ్ అధికారి క్యాంప్‌బెల్‌నూ సిక్కిం దర్బారు నిర్బంధించింది. దాన్ని సాకుగా తీసుకుని 1850లో బ్రిటిష్‌వాళ్లు సిక్కిం భూభాగంలో ఒక భాగాన్ని కలిపేసుకున్నారు. హుకర్ వెంట అక్కడి లెప్చా తెగవాళ్లు మూటలు మోశారు, చెట్లెక్కారు, ఏ మొక్క ఏ ఎత్తులో దొరుకుతుందో చూపించారు. గోడ మీది మాలుల పేర్లు ఇంత ప్రేమగా వెలికితీసిన చోట, ఆ విత్తనాలు ఏరిన చేతుల ప్రస్తావనా అంతే వివరంగా ఉండాలని నేను కోరుకున్నాను. ఒకే తోటకు రెండు చివర్ల పనిచేసినవాళ్లు వాళ్లు. ఒక చివరివాళ్లకు న్యాయం జరిగింది.

ఇక మన నేల సంగతి. సామర్లకోట పేరు చెబితే ఇప్పుడు రైల్వే జంక్షనో, భీమేశ్వరాలయమో గుర్తొస్తుంది. 1781లో అక్కడికి విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు వచ్చాడు. మొక్కల పిచ్చివాడు. అక్కడ ఒక ప్రయోగపు తోట వేశాడు, మిరియాల తీగ పెంచాలని చూశాడు, చుట్టుపక్కల గోదావరి ప్రాంతపు మొక్కలన్నీ సేకరించాడు. 1787 ఉప్పెనలో ఆయన కాగితాలు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాడు. ఆయన రాసిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో అచ్చయింది. తెరిచి చూడండి. మన మొక్కలకు మన తెలుగు పేర్లు రోమన్ లిపిలో రాసి ఉంటాయి. ఆ పేర్లు ఆయనకు చెప్పినదెవరు? పొలం గట్ల వెంట నడిపించి ఇది ఫలానా, దీన్ని ఫలానా జబ్బుకు వాడతామని చెప్పినదెవరు? ఆకు ఈనెలు, పూరేకుల వంపు, విత్తనం అడ్డకోత అంత సూక్ష్మంగా గీసిన స్థానిక చిత్రకారులు ఎవరు? ఆ తోటకు నీళ్లు పోసినదెవరు? సంపుటాలు ఆ మాట చెప్పవు.

హెలిగన్‌వాళ్లు నూరేళ్ల నాటి మాలులను వెదికి పట్టుకోగలిగారు కాబట్టి రాక్స్‌బర్గ్ చిత్రకారులనూ వెదకవచ్చు అని నేను నమ్ముతున్నాను. ఈస్టిండియా కంపెనీ జీతాల పద్దులు కావలసినన్ని లండన్‌లో, చెన్నైలో, కలకత్తాలో ఉన్నాయి. తెలుగు వృక్షశాస్త్రం, తెలుగు చరిత్ర రెండూ తెలిసిన ఒక్క పరిశోధక విద్యార్థి దీన్ని తన పనిగా తీసుకుంటే చాలు. ఈ స్మారక నిధి నిర్వాహకులు వచ్చే ఏడాది నుంచి ఒక పరిశోధక వేతనం ఇవ్వాలని ఆలోచిస్తున్నారని విన్నాను. దాన్ని ఈ పనికి ఇవ్వమని సభాముఖంగా కోరుతున్నాను.

రెండో కోరిక ఇంకా దగ్గరిది. హెలిగన్ ఏ విద్యను పుస్తకాల నుంచి, ఓటముల నుంచి తిరిగి నేర్చుకోవలసి వచ్చిందో అలాంటి విద్య మన కడియంలో, కడియపులంకలో ఈ రోజూ మనుషుల చేతుల్లో ఉంది. రాజమహేంద్రవరం పక్కన వేల ఎకరాల్లో ఆ నర్సరీలు ఉన్నాయి. మామిడి అంటు, గూటీ అంటు, నేలంటు కట్టే ఆడవాళ్లు, మగవాళ్లు అక్కడ వేలల్లో ఉంటారు. చాకుతో రెండు కోతలు, బెరడు ఎంత లేపాలో అంత లేపడం, ప్లాస్టిక్ పట్టీ చుట్టి బిగించడం. చూసేవాడు రెప్పవేసేలోగా అయిపోతుంది. ఒక నర్సరీలో అంట్లు కట్టే ఒకావిడను, ఎలా తెలుస్తుందమ్మా ఎంత బిగించాలో అని అడిగితే, ‘ఎక్కువైతే బెరడు ఏడుస్తుందయ్యా, తక్కువైతే నీరు తాగుతుంది’ అంది. ఆ మాట నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆమెకు రోజుకూలి ఉంది. నర్సరీ బోర్డు మీద యజమాని పేరు ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు, రావాలని నేను అనడమూ లేదు. వాళ్లు చదువుకుంటున్నారు, అది మంచిదే. కానీ ఆమె చేతికి తెలిసినది ఆమెతోనే పోకూడదు.

అందువల్ల కళాశాల వారికి నా మనవి. గురువుగారి రిజిస్టర్లలో మొదటివి కొన్ని నర్సరీ కొట్టులో ఇంకా ఉన్నాయి. చెద పట్టకముందే వాటికి నకళ్లు తీయించండి. ‘కట్టినవారు’ గడిలో ఉన్న పేర్లు ఒక చోట చేర్చి, వాళ్ల కుటుంబాలు ఎక్కడున్నాయో కనుక్కుని, ఉన్నవాళ్లను పిలిచి వాళ్ల నోట ఆ పని గురించి చెప్పించి రికార్డు చేయండి. కడియం వెళ్లి అంట్లు కట్టేవాళ్ల దగ్గర కూడా అదే చేయండి. ఏ చెట్టుకు ఏ నెల, ఏ గాలికి ఎంత తడి, ఏ చాకు పదును ఎలా పెట్టాలి, అన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మాండలికాన్ని సరిచేయవద్దు. కళాశాల తోటలో నాటే ప్రతి కొత్త చెట్టు పలక మీద శాస్త్రీయ నామం కింద అంటు కట్టినవారి పేరు ఉండేలా నియమం పెట్టండి. ఆ నియమానికి అయ్యే ఖర్చు పలకకు ఒక్క వరుస అక్షరాలు.

ఈ రోజు ఉదయం ఇక్కడికి వస్తూ నర్సరీలో ఆగాను. ఇప్పుడు అంట్లు కడుతున్నవాళ్లు నలుగురు ఉన్నారు. వాళ్లను కూడా ఈ సభకు రమ్మని పిలిచాను. వెనక వరుసలో కూర్చున్నారు. ఉపన్యాసం తర్వాత ప్రశ్నలు ఉంటే నన్ను అడగండి. అంటు గురించి అయితే వాళ్లను అడగండి.